మొన్న పెద్దమనిషైన మా చెల్లెలి కూతురికి

అమ్మలూ, మొన్న మీ ఇంట్లో ఫంక్షన్ హడావిడిలో నీతో తీరిగ్గా ఒక్క మాట మాట్లాడటానికి కుదర్లేదు, ఆ ఫొటోగ్రాఫర్ నిన్ను వదిల్తేగా. గుంటూరు వచ్చాక కూడా నాకు అదే ఆలోచన, అందుకే ఇదంతా రాస్తున్నా, సిగ్గుపడకుండా చివరిదాకా చదువు.

నా సంగతి ముందు చెప్తా. నన్ను తాటాకు చాప మీద మూల కూర్చోబెట్టినప్పుడు మూడు రోజులు ఒంటి మీద నీళ్లు పడనివ్వలేదు. ఆ తర్వాత నెలనెలా వాడిన గుడ్డలు ఉతికి, మగవాళ్ల కంట పడకూడదని పెరట్లో బాత్రూమ్ వెనకాల తీగ మీద ఆరేసి పైన పాత లంగా కప్పేదాన్ని. ఎండా తగలదు, గాలీ తగలదు, వానాకాలమైతే చెమ్మచెమ్మగానే మళ్లీ పెట్టుకునేదాన్ని. తొమ్మిదో క్లాసులో తొడలు ఒరుసుకుపోయి ఒకటే దురద, మంట, నడవలేక వారం రోజులు స్కూల్ మానేశా, ఎందుకు మానేశానో అమ్మక్కూడా చెప్పలేదు. చివరికి డాక్టరమ్మ చూసి తడి గుడ్డ వల్ల వచ్చిన ఫంగస్ ఇది, ఎండలో ఆరేసుకోమ్మా అంది, అంతే. ఆ ఒక్క మాట ముందే ఎవరన్నా చెప్పుంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

అందుకే నీకు చెప్తున్నా, ప్యాడ్ నిండినా నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చెయ్. పొద్దున పెట్టుకున్నది సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఉంచుకోవడం మాత్రం వద్దు, లంచ్ బెల్ కొట్టగానే వెళ్లి మార్చుకో, బ్యాగ్‌లో రెండు ఎప్పుడూ ఉంచుకో. 2021 అక్టోబర్‌లో గవర్నమెంట్ స్కూళ్లలో స్వేచ్ఛ అని మొదలుపెట్టారు గదా, ఏడో క్లాసు నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు, మంచి పనే, కానీ లెక్క చూడు, రోజుకి నాలుగు చొప్పున ఐదు రోజులంటే ఇరవై కావాలి. పదితోనే సరిపెడదామని ఒక్కోటి పూటంతా ఉంచుకునే పిల్లలున్నారు, నీ ఫ్రెండ్స్‌లో ఎవరన్నా అలా చేస్తుంటే చెప్పు. గుడ్డ వాడినా తప్పేం లేదు, చల్లనీళ్లు, సబ్బుతో ఉతికి ఎండలో కరకరలాడేలా ఆరాలి. వాడిన ప్యాడ్ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్, టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చెయ్యొద్దు. మార్చుకునే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేతులు కడుక్కో.

కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి, మామూలు నీళ్లు చాలు. లోపలికి సబ్బు, ఘుమఘుమలాడే వాష్‌లు, పౌడర్ ఏవీ వద్దు. డేట్ లేనప్పుడు కొంచెం తెల్లబట్ట అవుతుంది, అది మామూలే, భయపడకు. వాసనొచ్చినా, దురదున్నా, పెరుగు విరిగినట్టున్నా, పచ్చగా ఉన్నా అమ్మకి ఆ రోజే చెప్పు.

ఇక చెమట. ఈ వయసులో చంకల్లో కొత్త గ్రంథులు పనిచెయ్యడం మొదలుపెడతాయి, ఆ చెమటకి చర్మం మీదుండే బాక్టీరియా తోడైతేనే వాసన. అసలే మీ బెజవాడ ఉక్క, పక్కనే కృష్ణ, రోహిణి కార్తెలో అయితే స్నానం చేసి బయటికొచ్చేలోపే మళ్లీ చెమట. రెండు పూటలా స్నానం చెయ్, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద టవల్‌తో అద్ది పూర్తిగా ఆరాకే బట్టలేసుకో. లోపలివి కాటన్‌వే, రోజుకి రెండు. డియో కొట్టుకుంటే స్నానం చేసినట్టు కాదు, అది గుర్తుపెట్టుకో. మొటిమలు గిల్లకు, మెడికల్ షాపులో తెల్లబడతారని ఇచ్చే క్రీములు రాయకు, వాటిల్లో స్టిరాయిడ్స్ ఉంటాయి కొన్నిట్లో, మొహం పాడైపోద్ది.

మీ నాయనమ్మ చిమ్మిలి పెడితే వద్దనకుండా తిను, నువ్వులూ బెల్లం గదా. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకో, ఐరన్ బాగా పడుతుంది. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర కిటికీలోంచి పారెయ్యకు, అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పదు.

డేట్ వచ్చిన రోజు వెంకట్రామ క్యాలెండర్ మీద చిన్న చుక్క పెట్టు, నీకే అర్థమయ్యేలా. మొదటి ఒకటి రెండేళ్లు 21 రోజులకి రావచ్చు, 45 రోజులకి రావచ్చు, కంగారు పడొద్దు. కానీ ఏడు రోజులు దాటి అవుతున్నా, గంట రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతున్నా, మూడు నెలలు అసలు రాకపోయినా, నొప్పికి స్కూల్ మానేయాల్సి వస్తున్నా నాకు ఫోన్ చెయ్, నేనే వచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా, నీకు ఆరు జతల కాటన్‌వి కొన్నా. ఈలోపు మీ నాన్నతో డాబా మీద ఎండ పడే వైపు ఒక తీగ కట్టించు, నీ బట్టలన్నీ ఇంట్లో అందరి బట్టల పక్కనే ఆరెయ్, పైన ఏం కప్పొద్దు. నాయనమ్మ ఏమన్నా అంటే నేనొచ్చి మాట్లాడతా.

మీ పెద్దమ్మ