పసిపిల్లల రెప్పల వాపుకు చుక్కల మందు పరీక్షించబోయే ముందు

ప్రియ శిష్యురాలికి ఆశీస్సులు.

ఆరేళ్ళ లోపు పిల్లల కనురెప్పల వాపు మీద స్టీరాయిడ్, యాంటీబయోటిక్ కలిసిన చుక్కల మందును పరీక్షించాలని నువ్వు రాసుకున్న ముసాయిదా చదివాను. అందులో మందు గురించి ఎంతో వివరంగా ఉంది గానీ, మందు వేయని పిల్లలకు ఏం చేయబోతున్నావన్న సంగతి ఒక్క వాక్యంలో ముగిసిపోయింది. నా దృష్టిలో ఈ పరీక్షకు ఆయువుపట్టు ఆ వాక్యమే.

ఎందుకంటే ఇలాంటి ప్రయత్నం ఇదివరకే జరిగింది. లోటెప్రెడ్నాల్ అనే స్టీరాయిడ్ 0.5 శాతం, టోబ్రామైసిన్ అనే యాంటీబయోటిక్ 0.3 శాతం కలిసిన చుక్కలను ఆరేళ్ళ వయసు వరకు ఉన్న పిల్లల్లో రెండు పరీక్షల్లో చూశారు. రెప్పల వాపు మీద జరిగిన పరీక్షలో అందరికీ గోరువెచ్చని కాపడం పెట్టించి, ఒక వర్గానికి మందు చుక్కలు, మరో వర్గానికి మందు లేని ద్రావణం 14 రోజుల పాటు ఇచ్చారు. రెండు వర్గాల్లోనూ ఎక్కువమందికి వాపు తగ్గింది. మందు వల్ల అదనంగా ఒరిగిందని మాత్రం రుజువు కాలేదు. రెప్పలతో పాటు తెల్లగుడ్డును కప్పే కంటిపొర కూడా వాచిన పిల్లల మీద జరిగిన రెండో పరీక్షలో ఆ మిశ్రమాన్ని ఉత్త ద్రావణంతోనూ, అందులోని రెండు మందులతో విడివిడిగానూ పోల్చారు. 15వ రోజున చూస్తే అక్కడా తేడా లేదు. ఈ ఫలితాలు ఆ మందు సమాచార పత్రంలోనే అచ్చయి ఉన్నాయి, తీరిగ్గా చదువు.

దీన్నిబట్టి ఆ మందు ఎవరికీ పనికిరాదని నేననను. రెప్పల వాపు తగ్గుతూ, మళ్ళీ తిరగబెడుతూ ఉండే జబ్బు. కళ్ళు బాగా ఎర్రబడి, రెప్పల అంచున పొట్టు కట్టి, ఉదయానికి పుసులతో అతుక్కుపోయినప్పుడే తల్లిదండ్రులు బిడ్డను తీసుకువస్తారు కనుక, ఆ తరువాత ఏం చేసినా, చేయకపోయినా, కొంత తగ్గినట్టే కనిపిస్తుంది. కాపడం రెప్పల్లోని నూనె గ్రంథుల దగ్గర గడ్డకట్టిన జిడ్డును కరిగిస్తుంది. ఉత్త ద్రావణం కూడా కంటిని కొంత కడుగుతుంది. ఇన్నింటి మధ్య మందు వంతు ఎంతో తేలాలంటే, ముందు కొన్నాళ్ళు అందరికీ కాపడం, రెప్పల అంచు శుభ్రం చేయడం మాత్రమే సాగించి, అప్పటికీ వాపు మిగిలిన పిల్లలనే పరీక్షలోకి తీసుకోవడం మంచిది. కాపడం రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎంత వేడితో అన్నది కూడా అందరికీ ఒకటే ఉండాలి. అయితే వెలుతురు చూడలేక కళ్ళు మూసుకుంటున్న పిల్లలను, నల్లగుడ్డు మీది పారదర్శక పొర దెబ్బతిన్న పిల్లలను ఈ నిరీక్షణలో పెట్టవద్దు. అక్కడ మచ్చ పడితే ఎదిగే వయసులో చూపు మందగించి ఉండిపోవచ్చు కాబట్టి, వాళ్ళకు కావలసింది వెంటనే చికిత్స.

వాపుకు మార్కులు వేసే పద్ధతి గురించి నీ ముసాయిదాలో ఉన్నది సరిపోదు. ఏడ్చిన పిల్లవాడి రెప్పలు ఎర్రబడి ఉబ్బుతాయి. అప్పుడు వేసిన మార్కు జబ్బుకు కాదు, ఏడుపుకు వేసినట్టు. అందుచేత బిడ్డ తల్లి ఒడిలో ఉండగానే, ఎవరూ ముట్టుకోకముందే, రెప్పలు చూసి ఫోటో తీయించు. కంటి మీది గాయాలు కనిపించడానికి వేసే రంగు చుక్కలు, కంటి ఒత్తిడి కొలవడం ఆ తరువాత. ఫోటోలకు మార్కులు వేసేవారికి ఏ బిడ్డ ఏ వర్గంలో ఉన్నదీ తెలియకూడదు. రెండు కళ్ళనూ ఇద్దరు మనుషులుగా లెక్కించి సంఖ్య పెంచుకునే అలవాటు కొందరికి ఉంది. ఎక్కువ వాచిన కంటిని ముందే ఎంచుకుని దాన్నే లెక్కలోకి తీసుకో.

స్టీరాయిడ్ విషయంలో మాత్రం నేను నీకంటే భయస్తుణ్ణి. స్టీరాయిడ్ వల్ల కంటి లోపలి ఒత్తిడి పెరిగే గుణం చిన్నపిల్లల్లో పెద్దవాళ్ళలో కంటే ఎక్కువగా, కొన్నిసార్లు త్వరగా కనిపిస్తుంది. ఒత్తిడి పెరిగిన సంగతి బిడ్డ చెప్పలేడు, పైకి తెలియదు. మత్తు చుక్కలు అవసరం లేకుండా కంటి ఒత్తిడి కొలిచే రీబౌండ్ టోనోమీటర్ అనే పరికరంతో మొదట్లోనూ, మధ్యలోనూ, చివరా కొలిపించు. ఎంత పెరిగితే మందు ఆపాలో, ఆ నిర్ణయం ఎవరిదో పరీక్ష మొదలు కాకముందే రాసి ఉండాలి.

చుక్కలు వేసేది నువ్వు కాదు, ఇంట్లోవాళ్ళు. ఒక చుక్క సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది, కంటిలో నిలిచేది అంతకంటే తక్కువ; మిగిలినదాంట్లో కొంత బుగ్గ మీదికి, కొంత ముక్కులోకి దిగి అక్కడి నుంచి రక్తంలో కలుస్తుంది. పసివాళ్ళ శరీరం చిన్నది కనుక ఇది పట్టించుకోవలసిన సంగతే. సీసాను బాగా కుదపమనీ, పెనుగులాడే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి మూసిన కంటి లోపలి మూలన చుక్క వేసి కన్ను తెరవనివ్వమనీ, కంటి మూలను కాసేపు మెల్లగా నొక్కి పట్టుకోమనీ చేసి చూపించు. సీసాలను ఇచ్చేటప్పుడూ తిరిగి తీసుకునేటప్పుడూ తూకం వేయిస్తే ఎంత మందు వాడారో కొంతవరకు తెలుస్తుంది.

అనుమతి పత్రంలో రెండు మాటలు స్పష్టంగా ఉండాలి: తమ బిడ్డకు మందు లేని చుక్కలు పడవచ్చునని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకున్నా చికిత్స ఆగదని. సంతకం తల్లిదండ్రులదే అయినా, నాలుగైదేళ్ళ బిడ్డ గట్టిగా వద్దంటే ఆ పూటకు ఆపమని సిబ్బందికి చెప్పు.

మొదటి బిడ్డ చేరకముందే పరీక్షను బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయించి, ఏ రోజున ఏ మార్కు ఆధారంగా ఫలితం తేల్చబోతున్నావో అందులో రాయి. తేడా లేదని తేలినా ప్రచురిస్తామన్న షరతును మందు కంపెనీతో ఒప్పందంలో చేర్చాకే సంతకం చేయి. సవరించిన ముసాయిదా పంపేటప్పుడు కాపడం పెట్టే విధానాన్ని విడిగా ఒక పేజీలో రాసి జతచేయి.

ఇట్లు
నీ పాత గురువు