అమ్మడూ, ముందు నువ్వు రాయి

శ్రీకాకుళం

అమ్మడూ,

మొన్న ఆదివారం మీ అమ్మ ముందు ఈ మాట ఎత్తితే నీ ఫోన్ లాగేసుకుంటుందని ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం. నువ్వు ఏఐతో సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) ఫైనల్‌కి చదవడం తప్పని అనను. నేనూ ఆఫీసులో రోజూ వాడుతున్నాను. నోటీసులకు జవాబు చిత్తుప్రతి దానిచేతే రాయించి, సగం కొట్టేసి మిగతాది వాడుకుంటాను. నువ్వు వాడే తీరే నాకు నచ్చలేదు.

పలాస జీడి లెక్క చూపించావు, గుర్తుందా? ఫ్యాక్టరీ షావుకారు రైతుల దగ్గర జీడి పిక్కలు కొన్నాడు, జీఎస్టీ ఎవరు కట్టాలి అని. నీ చాట్‌జీపీటీ తడుముకోకుండా చెప్పింది: రైతుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, జీఎస్టీ చట్టంలో సెక్షన్ 23 ఉంది, కాబట్టి పన్ను లేదు. సెక్షన్ 23 మాట నిజమే. ఆ ‘కాబట్టి’ దగ్గరే కొంప మునిగింది. పెంకు తీయని పిక్కలు వ్యవసాయదారుడి దగ్గర కొంటే, రిజిస్ట్రేషన్ ఉన్న కొనుగోలుదారే పన్ను కట్టాలి. సెక్షన్ 9(3) కింద 2017లో ఇచ్చిన 4వ నంబరు రేటు నోటిఫికేషన్‌లో మొట్టమొదటి వరసే జీడి పిక్కలది. అమ్మినవాడి బదులు కొన్నవాడు కట్టే ఈ పద్ధతే రివర్స్ చార్జ్. అది నగదు లెడ్జర్ నుంచే కట్టాలి, ఉన్న క్రెడిట్‌లో (కొనుగోళ్ళ మీద ఇదివరకే కట్టిన పన్నులో) సర్దేయడానికి లేదు. కట్టాక క్రెడిట్ తీసుకోవచ్చు, అది వేరే మాట. ఇదంతా కాశీబుగ్గలో పిక్కలు కొనే ఏ షావుకారు గుమస్తాని అడిగినా చెప్తాడు. నువ్వు మాత్రం ఆ జవాబు కింద గీత గీసి నోట్సులోకి ఎక్కించేశావు.

పూర్తిగా తప్పు చెబితే నువ్వే పట్టేసేదానివి. సగం నిజం చెప్పి, మిగతా సగం అదే ధీమాతో చెప్పడం వల్లే బోల్తా పడ్డావు. అందుకని సెక్షన్ నంబరు, రేటు, గడువు, ఈ మూడూ దాని నోటి నుంచి వస్తే నమ్మకు. సీఏ ఇన్‌స్టిట్యూట్ స్టడీ మెటీరియల్ తెరిచి చూశాకే నోట్సులో రాయి.

పన్నుల పేపర్లలో ఇంకో ప్రమాదం ఉంది. ఆస్తి అమ్మకం మీద దీర్ఘకాలిక మూలధన లాభం లెక్క అడిగితే ఒక్కోసారి ఇండెక్సేషన్ వేసి (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధర పెంచి) 20 శాతం అంటుంది. 2024 జూలై 23 నుంచి అది 12.5 శాతం, ఇండెక్సేషన్ లేదు. అంతకు ముందు కొన్న భూమి, ఇళ్ళ విషయంలో భారత్‌లో నివాసితులైన వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మాత్రమే పాత లెక్కతో పోల్చుకునే వీలుంది. జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు 2025 సెప్టెంబరు 22 నుంచి చాలావరకు పోయాయి, అది ఇంకా వాటిలోనే తిరుగుతూ ఉంటుంది. పైగా ఇప్పుడు 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత సెక్షన్ నంబర్లూ కొత్త నంబర్లూ కలిపి పులిహోర చేసి పెడుతుంది. నీ అటెంప్టుకు ఏ చట్టం, ఏ ఫైనాన్స్ యాక్టు వర్తిస్తుందో ఇన్‌స్టిట్యూట్ ప్రకటనలో చూసి ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకో.

సరే, ఇవి దాని తప్పులు. నీ తప్పు ఇంతకంటే పెద్దది. చెప్పనా?

ఫైనల్ మొదటి గ్రూపు నేను మూడోసారికి గట్టెక్కాను. రెండోసారి నాలుగు పేపర్లలోనూ నలభై దాటాయి, మొత్తం 193. కావలసింది 400కి 200. ఆ ఏడు మార్కులు ఎక్కడ పోయాయో చాలాకాలం తెలియలేదు. క్లాసులో మాస్టారు బోర్డు మీద కన్సాలిడేషన్ లెక్క (గ్రూపు కంపెనీల ఖాతాలు కలిపేది) చేస్తుంటే అన్నీ అర్థమైపోయేవి. ఇంటికొచ్చి సాల్వ్ చేసిన లెక్కలే మళ్ళీ చదివేవాణ్ని. కళ్ళకి వచ్చింది గానీ చేతికి రాలేదు. హాల్లో మూడు గంటల్లో వంద మార్కులకు కలం నడవాలి కదా. నువ్వు ఫోన్లో చేస్తున్నది అచ్చంగా అదే. ప్రశ్న వేస్తావు, అది చక్కగా జవాబు చెబుతుంది, నువ్వు తలూపుతావు. ఇప్పటి పద్ధతిలో గ్రూపుకి నీకు పేపర్లు మూడే అయినా మొత్తంలో సగం రావాలి, 300కి 150. తలూపినందుకు ఎవరూ మార్కులు వెయ్యరు.

అందుకని వరస మార్చు. ముందు నువ్వు చేత్తో రాయి, ఆ తర్వాత దానికి చూపించు. ఆడిట్ పేపర్లో ఎస్ఏ 705, 706 (ఆడిటర్ నివేదిక ప్రమాణాలు) ప్రశ్న ఒకటి తీసుకుని, గడియారం పెట్టుకుని, ఆడిటర్ అభిప్రాయం ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఎంఫసిస్ ఆఫ్ మేటర్ (ఒక విషయం వైపు దృష్టి మళ్ళించే పేరా) పెట్టి ఊరుకోవాలి అన్నది రాసెయ్యి. ఫోటో తీసి పంపి, ‘నువ్వు కఠినమైన పరీక్షకుడివి, మార్కులు ఎక్కడ కోస్తావో చెప్పు, పొగడొద్దు’ అని గట్టిగా చెప్పు. చెప్పకపోతే అది పెళ్ళిచూపుల్లో మధ్యవర్తిలా అన్నీ బాగున్నాయంటుంది. దాని దిద్దుబాటును ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సజెస్టెడ్ ఆన్సర్‌తో నువ్వే పోల్చి చూడు. రోజుకి రెండు చాలు.

అధ్యాయం పీడీఎఫ్‌లు నోట్‌బుక్‌ఎల్‌ఎంలో (మనమిచ్చిన పత్రాల ఆధారంగా జవాబు చెప్పే ఏఐ) ఎక్కించి, అందులోంచే ప్రశ్నలు అడగమను. బయటి సరుకు తక్కువ కలుస్తుంది. డిఫర్డ్ టాక్స్ (ఖాతాల లాభానికీ పన్ను లెక్క లాభానికీ మధ్య తేడా వల్ల వచ్చే పన్ను) బుర్రకెక్కకపోతే తెలుగులో చెప్పమను, మొహమాటమేం లేదు. నువ్వు పదో తరగతి దాకా తెలుగు మీడియమే కదా. కానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే రాసి అలవాటు చేసుకో, అక్కడ రాయాల్సింది అదే. ఆరో పేపరు ఓపెన్ బుక్ కదా అని పక్కన పెట్టెయ్యకు. అక్కడికి పుస్తకాలు వస్తాయి, ఫోన్ రాదు. దానికి మాత్రం ఏఐ బాగా పనికొస్తుంది: ఒకే కంపెనీ కథలో పన్నూ, ఆడిటూ, ఇండ్ ఏఎస్ (భారత అకౌంటింగ్ ప్రమాణాలు) కలిపి కేస్ తయారు చెయ్యమను. ఆదాయం ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలో చెప్పే ఇండ్ ఏఎస్ 115 ఐదు మెట్లూ, జీఎస్టీ సప్లై సమయమూ ఒకే కథలో ఢీకొంటే నీ తడబాటు బయటపడుతుంది.

ఇంకొక్కటి. విజయనగరంలో నువ్వు ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేస్తున్న ఆఫీసు క్లయింట్ల బ్యాలెన్స్ షీట్లు, అవి పేర్లు కొట్టేసినవైనా సరే, అందులో పెట్టకు. 1949 చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం రెండో షెడ్యూలు, మొదటి భాగం, మొదటి క్లాజు తీసి చదువు. క్లయింటు అనుమతి లేకుండా వాళ్ళ సమాచారం బయటపెట్టడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. నీ మూడో పేపర్లో ఎథిక్స్ చాప్టర్‌లో ఉన్నదే అది. నీకు శిక్షణ ఇస్తున్న సీఏకి, అంటే మీ ప్రిన్సిపాల్‌కి, తెలిస్తే నీకే కాదు, ఆయనకీ తలనొప్పి.

వచ్చే ఆదివారం జీడి పిక్కల ప్రశ్నకు జవాబు మళ్ళీ చేత్తో రాసి తీసుకురా. ఫోన్ తర్వాత చూద్దాం. అత్త పనసపొట్టు కూర చేస్తానంది, ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది.

మీ మామయ్య