డిప్రెషన్ రోగులకు పల్లెలో ఫార్మసిస్టు ఏం చేయగలరు?

ప్రశ్న: ఫార్మసీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మానసిక ఆరోగ్యం మీద ఆసక్తి ఎక్కువ. పల్లె ప్రాంతంలో మందుల షాపులో పనిచేస్తానంటే, 'అక్కడ మాత్రలు అందించడం తప్ప ఏముంది?' అంటున్నారు ఇంట్లోవాళ్లు. డిప్రెషన్‌తో బాధపడేవాళ్లకి నేను నిజంగా ఉపయోగపడగలనా?

జవాబు: తప్పకుండా. పల్లెలో ఉండేవారికి మానసిక వైద్యుడు దూరం. ఒకసారి చూపించుకున్నాక మళ్లీ వెళ్లేది ఏ నెలకో, రెండు నెలలకో. ఈ మధ్యలో రోగిని చూసేది మీరే. చికిత్స చాలాసార్లు దారి తప్పేది కూడా ఈ మధ్యలోనే.

సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం కనిపించవచ్చు. మనసు కాస్త తేలికపడటానికి 2 నుంచి 4 వారాలు, పూర్తి గుణం తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అంటే ఇబ్బంది ముందు, మేలు తర్వాత. పదో రోజున ఒకాయన తలనొప్పి మాత్ర కోసం వచ్చి, "ఆ మందు నాకు పడలేదండీ, మానేశాను" అంటాడు. ఆ మాట డాక్టరు చెవిన పడేసరికి నెల గడిచిపోతుంది. మీరు అక్కడికక్కడే "మొదట్లో చాలామందికి ఇలాగే ఉంటుంది, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. డాక్టరుగారికి ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కుందాం" అంటే ఆయన చికిత్స నిలబడొచ్చు. ఈ సంగతి మొదటి స్ట్రిప్ ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే మరీ మంచిది.

కాస్త నెమ్మదించగానే 'బాగానే ఉన్నాగా' అని ఆపేసేవాళ్లూ ఉంటారు. కోలుకున్నాక కూడా సాధారణంగా కనీసం 6 నెలలు వాడాలి. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం లాంటివి వస్తాయి. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ విషయంలో ఇది ఎక్కువ. 30 రోజుల మందు తీసుకున్న మనిషి 45 రోజులైనా రాలేదంటే, ఆ సంగతి ముందు తెలిసేది మీ రిజిస్టర్‌లోనే.

ఇక ఒళ్లునొప్పుల మాత్రలు. డిప్రెషన్ మందులు వాడేవారికి ట్రమడాల్ తోడైతే సెరటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం ప్రమాదకరంగా మితిమీరడం) ముప్పు, ఐబుప్రోఫెన్ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతాయి. వేరే డాక్టరు చీటీ తెచ్చినా మీరు పట్టుకోగలగాలి.

డిప్రెషన్ లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని క్షుణ్ణంగా నేర్చుకోండి. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే డాక్టరు దగ్గరికి పంపాలని చాలాచోట్ల పాటిస్తారు. అది జబ్బును నిర్ధారించదు, మీరూ నిర్ధారించకూడదు. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అది అపోహ. నెమ్మదిగా, సూటిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్య సాయం అందేలా చూడండి. 25 ఏళ్ల లోపువారిని మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో మరింత కనిపెట్టుకుని ఉండాలి.

చిన్న ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. కౌంటర్ మీద మందు పేరు గట్టిగా చదివితే చాలు, ఆ మనిషి మళ్లీ మీ షాపు మెట్లెక్కరు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే.

వీలైతే ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలు మానసిక వైద్య విభాగంలో గడపండి. 2000లో ఆస్ట్రేలియాలో మొదలైన 'మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్' శిక్షణ ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది, అందుబాటులో ఉంటే చేయండి. మాట్లాడే సమయానికి చాలాచోట్ల విడిగా డబ్బు రాదు, ఇది ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. ఉద్యోగంలో చేరేముందు యజమానిని రెండే అడగండి: రోగితో చాటుగా మాట్లాడటానికి రెండు కుర్చీలు పట్టే చోటుందా, అత్యవసరమైతే ఫోన్ ఎత్తే డాక్టరు ఎవరు? ఈ రెండూ లేని షాపులో జీతం కాస్త ఎక్కువిస్తామన్నా ఒప్పుకోకండి.