మౌస్ కదిపితే కూత: సౌండ్ కార్డ్ కోసం ఈఎంఐ పెట్టుకోవాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు రాస్తాను, జీతం 24,000. రాత్రిళ్లు ఇంట్లో కంప్యూటర్ మీద ఆటో మైక్ ప్రచారాలకి, కేబుల్ ప్రకటనలకి వాయిస్ ఇస్తుంటాను. మొన్నామధ్య ఆడియో పుస్తకాలు చేసే ఒక సంస్థకి శాంపిల్ పంపితే, గొంతు బాగుంది కానీ వెనక రొద ఉందని తిప్పి పంపారు. రాజమండ్రిలో ఒక షాపులో అడిగితే, కంప్యూటర్ లోపలి మెయిన్ బోర్డు, అదే మదర్‌బోర్డులో వచ్చే సౌండ్‌తో ఇలాంటి పనులు అవ్వవన్నారు. లోపల విడిగా బిగించే సౌండ్ కార్డ్ 13,500, కండెన్సర్ మైక్ 9,800, మిక్సర్ 12,700, మొత్తం 36,000 అట. రూపాయి వడ్డీ మీద నెలకి 3,360 చొప్పున పన్నెండు నెలలు కట్టమంటున్నారు. మా ఆవిడ వద్దంటోంది. ఆవిడ గొలుసు మీద తెచ్చిన 80,000 గోల్డ్ లోన్ ఇంకా ఉంది. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దండి. మీ ఆవిడ మాటే రైటు. ఆవిడ వద్దనడానికి కారణం గోల్డ్ లోన్ అయి ఉంటుంది. నాకు దానితో పాటు ఇంకో కారణం కూడా కనిపించింది.

మీ ఉత్తరం చూశాక, మాట్లాడకుండా ముప్పై సెకన్లు రికార్డ్ చేసి రెండు ఫైళ్లు పంపమన్నాను, గుర్తుందిగా? ఒకటి ఫ్యాన్ వేసి, ఒకటి ఆపి. వాటిని నేనూ, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా మేనల్లుడూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగైదుసార్లు విన్నాం. మాకు మూడు చప్పుళ్లు దొరికాయి. మొదటిది ఫ్యాన్, తిరిగినప్పుడల్లా ఒక చోట టిక్కుమంటోంది. రెండోది దూరంగా, ఆగకుండా, నీళ్లు చితక్కొడుతున్నట్టు వస్తోంది. మా భీమవరంలో ఎవరికైనా అది చెప్పనక్కర్లేదు, రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రైతులు చీకటి పడ్డాకే వాటిని ఎక్కువ తిప్పుతారు. మీరు ఊరు సద్దుమణిగిందని పదకొండింటికి రికార్డింగ్‌కి కూర్చుంటున్నారు, సరిగ్గా అదే టైములో చెరువు మోగుతోంది! మూడోది సన్నగా, దోమ కూతలాంటిది. మీరు మౌస్ కదిపినప్పుడల్లా దాని శ్రుతి మారుతోంది.

ఈ మూడింట్లో మదర్‌బోర్డు ఖాతాలో రాయగలిగింది ఆఖరిదొక్కటే. మీ 36,000 మొత్తం దాని మీదే పెట్టబోతున్నారు.

అంకెల్లో చూద్దాం. ఆడియో పుస్తకాల వేదిక ఏసీఎక్స్ పెట్టిన ప్రమాణం ప్రకారం, ఎవరూ మాట్లాడనప్పుడు ఉండే రొద మైనస్ 60 డెసిబెల్స్ దాటకూడదు. అంటే పూర్తి స్థాయి శబ్దంలో వెయ్యో వంతు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే మీ మొదటి ఫైలు మైనస్ 44 దగ్గర, ఫ్యాన్ ఆపినది మైనస్ 51 దగ్గర ఉన్నాయి. స్విచ్ ఒకటి ఆపితే ఏడు డెసిబెల్స్ తగ్గాయి, పైసా ఖర్చు లేదు. ఇక తగ్గించాల్సింది తొమ్మిది.

ఆ కూత సంగతి చెప్తాను. మీ మైక్ కేబినెట్ ముందు వైపున్న పింక్ జాక్‌లో పెట్టారని రాశారు. ఆ జాక్ నుంచి సన్నటి వైరు కేబినెట్ లోపల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పక్క నుంచి మదర్‌బోర్డు దాకా పోతుంది. దారిలో వాటి కరెంటు రొదంతా పట్టుకుంటుంది. శివారు చేలకి నీళ్లు వెళ్లేలోపు దారి పొడుగునా మురికి కలిసినట్టే అనుకోండి. మైక్‌ని వెనక వైపు, నేరుగా మదర్‌బోర్డు మీదే ఉన్న పింక్ జాక్‌లో పెట్టండి. తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ బూస్ట్ చూడండి. మీది +30లో ఉండి ఉంటుందని నా అనుమానం. అది గొంతుతో పాటు రొదనీ అంతే పెంచుతుంది. దాన్ని +10కి దించి, మైక్‌ని గొంతుకి దగ్గరగా తెచ్చుకోండి. జానెడు దూరం నుంచి అర జానకి తెస్తే గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, అంత మేరకు గెయిన్, అంటే మైక్ శబ్దాన్ని పెంచే మోతాదు, తగ్గించుకోవచ్చు, దానితో రొదా తగ్గుతుంది. నోటికి ఎదురుగా మాత్రం పెట్టకండి, ప, భ అన్నప్పుడల్లా గాలి దెబ్బ తగులుతుంది. కొంచెం పక్కకి జరపండి.

ఇవన్నీ చేసినా గుయ్యిమనే మోత మిగిలితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. మన వైపు పాత ఇళ్లలో త్రీపిన్ సాకెట్ ఉంటుంది, మూడో పిన్ వెనక వైరే ఉండదు. ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మోత రావచ్చు. ఈ ఖర్చు మాత్రం నేను వద్దనను, ఎందుకంటే అది పిల్లలున్న ఇంటికి కూడా అవసరమే.

ఏరేటర్ల చప్పుడు ఆపే కార్డు ఏ కంపెనీ ఇంతవరకు చెయ్యలేదు. చెరువు వైపు కిటికీ లేని లోపలి గది ఒకటి చూసుకోండి. బట్టల బీరువా ఉన్న గది అయితే ఇంకా మంచిది. వెనక గోడకి పాత బొంతలు, కొబ్బరి పీచు పరుపు ఉంటే అది నిలబెట్టండి. లేదా ఆదివారం మధ్యాహ్నం, ఏరేటర్లు ఆపి ఉన్నప్పుడు రికార్డ్ చేసి చూడండి.

ఇప్పుడు షాపువాళ్లు చెప్పిన సామాను దగ్గరికి వద్దాం. దాన్ని విడివిడిగా చూస్తే నాకు నవ్వొచ్చింది. కండెన్సర్ మైక్‌కి కేబుల్ గుండానే అందే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) కావాలి, మామూలు సౌండ్ కార్డు మైక్ జాక్ అది ఇవ్వదు. అందుకే మిక్సర్ కలిపారు. మిక్సర్ నుంచి వచ్చేది గట్టి లైన్ సిగ్నల్. దాన్ని తీసుకోవడానికి మీ మదర్‌బోర్డు వెనక ఉన్న నీలం రంగు లైన్-ఇన్ జాక్ సరిపోతుంది. మరి 13,500 కార్డు దేనికి? అడిగి చూడండి, ఏమంటారో నాకూ రాయండి. పైగా కండెన్సర్ మైక్ చాలా సున్నితమైనది. మీ గొంతుతో పాటు పక్కింటి కుక్కర్ విజిల్, చెరువు మోత, కొబ్బరాకుల చప్పుడు అన్నీ ఎక్కించుకుంటుంది. మీ గదిలో అది ఇప్పుడున్న సమస్యని పెంచుతుంది.

నా సంగతి కూడా చెప్పాలి. 2007లో పాటల పిచ్చితో నేనొక సౌండ్ కార్డు కొన్నాను. ఆ రోజుల్లో మదర్‌బోర్డు సౌండ్ అంటే అందరికీ చులకనే. అంతకు ముందు కంప్యూటర్లలో అసలు పాట వినాలంటేనే విడిగా కార్డు వేయించాల్సి వచ్చేది కాబట్టి ఆ అలవాటు పోలేదు. కొన్నేళ్లకి మదర్‌బోర్డు పోయింది, కొత్తదానిలో ఆ కార్డు గుచ్చే పాత పీసీఐ స్లాటే లేదు. కార్డు బాగానే ఉంది, పెట్టడానికి చోటు లేదు. ఇప్పటికీ మా ఇంట్లో రిమోట్లు, తాళాలు వేసే డబ్బాలో ఉంది. 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో అనే ప్రమాణం వచ్చాక మదర్‌బోర్డు సౌండ్ చాలా మారింది. రియల్‌టెక్ కంపెనీ మంచి సౌండ్ చిప్‌లలో ఏఎల్‌సీ 1220 లాంటివి పాట వినిపించడంలో, పాటకీ రొదకీ మధ్య 120 డెసిబెల్స్ తేడా ఉంటుందని చెప్పుకుంటున్నాయి. సీడీ నాణ్యతకి కావాల్సింది 96 చిల్లర. కాబట్టి పాటలు వినడానికే అయితే, ఉన్నదాంట్లో కూత గానీ మోత గానీ లేనప్పుడు, కార్డు కొనకుండా ఆ డబ్బు హెడ్‌ఫోన్స్ మీద పెట్టమంటాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడేవాళ్లయితే అసలు ఆ కార్డుతో పనే లేదు, శబ్దం తయారయ్యేది ఆ హెడ్‌ఫోన్స్ లోపలే. 250 ఓమ్స్ లాంటి, మోగడానికి ఎక్కువ శక్తి కావాల్సిన స్టూడియో హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్ల కథ వేరు, మీకు అవి లేవు.

వడ్డీ లెక్క. రూపాయి వడ్డీ అన్నారు కదా. 36,000 మీద నెలకి 360, పన్నెండు నెలలకి 4,320. మామూలుగా మన ఊళ్లో రూపాయి వడ్డీకి తెస్తే, ఏడాదంతా అసలు మన చేతిలోనే ఉంటుంది. ఇక్కడ నెలనెలా 3,000 అసలు వెనక్కి కట్టేస్తున్నారు. ఆఖరి నెలకి మీరు బాకీ ఉండేది 3,000, వడ్డీ మాత్రం 36,000 మీదే 360 పట్టుకుంటారు. తగ్గే అసలు మీద లెక్కేస్తే ఇది నెలకి రూపాయి ముప్పావలా పైమాటే, ఏడాదికి దాదాపు ఇరవై ఒకటిన్నర శాతం. మీ గోల్డ్ లోన్ తొమ్మిది శాతానికి ఉంది. దాన్ని వడ్డీ మాత్రం కట్టి తిరగరాయిస్తూ, ఇంకో పక్క ఇరవై ఒకటిన్నరకి మిక్సర్ తెచ్చుకోవడం ఏం లెక్క?

ఇంకొకటి. ఆరు నెలల వాయిస్ ఆదాయం మీరు నిజాయతీగా రాశారు: 4,500, 7,200, 9,800, 3,000, 2,500, 6,000. మొత్తం 33,000, సగటున 5,500. సగటు చూస్తే 3,360 ఈఎంఐ తేలికే అనిపిస్తుంది. కానీ మూఢం వచ్చిన రెండు నెలలు, పెళ్లిళ్లూ ప్రారంభోత్సవాలూ లేక, మీకు వచ్చింది ఈ కిస్తీకే చాలదు. అప్పుడు జీతంలోంచి తియ్యాలి. ఆ జీతం కూడా రొయ్య రేటు మీద ఆధారపడ్డ షాపుది. రొయ్య రేటు పడితే మేత బాకీలు వసూలు కావు, మీ ఓనరు జీతం వారం లేటు చేస్తాడని మీరే రాశారు. అందుకని ఈ పనిముట్టు దాని సంపాదనతోనే రావాలి, ఇంటి డబ్బుతో కాదు.

మీరు ఇప్పుడు చేస్తున్న పనికైతే కొత్త సామాను అస్సలు అక్కర్లేదు. ఆటో మీద కట్టిన హారన్ మైకులో, డొంక రోడ్డు మీద, వెనక లారీ మోగుతుంటే, "రేపే ప్రారంభం" అన్న మాట వినపడితే చాలు. నాణ్యత అడుగుతున్నది ఆడియో పుస్తకాలవాళ్లే. వాళ్లు పూర్తయిన ఒక గంటకి 1,200 ఇస్తామన్నారట. కొత్తలో ఆ గంట తయారవడానికి చదవడం, తప్పులు కత్తిరించడం కలిపి ఆరు గంటల దాకా పట్టొచ్చు. ఆ లెక్క కూడా చూసుకుని ఒప్పుకోండి.

నేనైతే ఇలా చేస్తాను. ఈ వారంలో జాక్, బూస్ట్, గది మార్చి మళ్లీ కొలవండి. మైనస్ 60కి దిగితే అదే సెటప్‌తో శాంపిల్ పంపండి. రాకపోతే కొనే ముందు అప్పు అడగండి. డబ్బు కాదండోయ్, సామాను. మీ ఊరి చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాళ్ల దగ్గరో, పెళ్లిళ్లకి మైక్ సెట్ పెట్టేవాళ్ల దగ్గరో చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే బయటి పెట్టె), డైనమిక్ మైక్ దొరుకుతాయి. ఒక ఆదివారం తెచ్చుకుని మీ గదిలోనే రికార్డ్ చేస్తే, తేడా ఉందో లేదో మీ చెవులకే తెలుస్తుంది. డైనమిక్ మైక్ దూరపు చప్పుళ్లని తక్కువ పట్టుకుంటుంది, మీ చెరువు పక్క ఇంటికి అదే నయం. దానికి గెయిన్ ఎక్కువ కావాలి, అక్కడ మాత్రం మదర్‌బోర్డు చాలదు, ఇంటర్‌ఫేస్ పనికొస్తుంది.

తేడా ఉందనుకుంటే అప్పుడు కొనండి, 9,000 లోపు, రొక్కంగా. ఇవాళ్టి నుంచి వాయిస్ మీద వచ్చే ప్రతి వెయ్యిలో 330 వేరే ఖాతాలో వెయ్యండి. మీ సగటు ప్రకారం నెలకి 1,800 పడుతుంది, ఐదు నెలల్లో 9,000 అవుతుంది. ఈలోపు పుస్తకం పని ఖాయమైతే, ఎనిమిది గంటల పుస్తకం ఒక్కటి చదివితే పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. కేబినెట్ లోపల బిగించే కార్డు మాత్రం తీసుకోకండి. రేపు మీరు ల్యాప్‌టాప్ కొంటే అది మా ఇంటి డబ్బాలోకే వస్తుంది. యూఎస్‌బీది అయితే ఏ కంప్యూటర్‌కైనా పెట్టుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే విండోస్ 11కి డ్రైవర్ ఉందో లేదో షాపులోనే పెట్టి చూపించమనండి. మన గాలిలో చెమ్మకి, సముద్రం ఉప్పుకి జాక్‌లు త్వరగా చిలుము పడతాయి, పని అయ్యాక మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.

బిల్లు మీ పేరు మీద తీసుకోండి. ఆడియో సంస్థ ఏడాదిలో ఇచ్చే మొత్తం పరిమితి దాటితే పది శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకుంటుంది. మీ జీతం, ఈ ఆదాయం కలిపినా ఏడాదికి మూడున్నర లక్షలు చిల్లరే కాబట్టి కొత్త పన్ను విధానంలో పన్ను పడదు. రిటర్న్ వేస్తేనే ఆ పది శాతం వెనక్కి వస్తుంది, వెయ్యకపోతే పోయినట్టే.

వెనక జాక్‌లో పెట్టాక కూడా ఆ దోమ కూత వినిపిస్తే మళ్లీ రాయండి. ఫైలు వాట్సాప్‌లో పంపేటప్పుడు మాత్రం డాక్యుమెంట్‌గా పంపండి, వాయిస్ మెసేజ్‌గా వద్దు. దాన్ని వాట్సాప్ నలిపేస్తుంది, మా మేనల్లుడు మళ్లీ నన్ను కసురుకుంటాడు.