స్వీట్ల తేదీ కాదు, ప్రమాణం తేదీ చెప్పండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఆరేళ్ల క్రితం ఏడుగురం కలిసి సొసైటీ రిజిస్టర్ చేయించి, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు కంప్యూటర్ నేర్పే కేంద్రం పెట్టాం. నేను కార్యదర్శిని, జీతం లేదు. అధ్యక్షుడు, కోశాధికారి భార్యాభర్తలు. రెండేళ్లలో 12 లక్షలు సేకరించాలని నిరుడు కార్యవర్గం లక్ష్యం పెట్టింది. అందులో 9 లక్షలు అధ్యక్షుడి గారి అబ్బాయి అమెరికా నుంచి ఇస్తానన్నాడు. కొన్ని ల్యాప్‌టాప్‌లు కూడా పంపుతానన్నాడు. మొదటి విడత 1,80,000 దసరా వెళ్లాక అధ్యక్షుడి సేవింగ్స్ ఖాతాలో పడింది. అక్కడి నుంచి సొసైటీకి వచ్చింది. 1,10,000తో కంప్యూటర్లు కొన్నాం. ఇప్పుడు ఆ సొమ్మును 36 మంది స్థానికులు తలా 5,000 ఇచ్చినట్టు రసీదులు రాయమంటున్నారు. 11 రాశాను. మిగతావి రాయనన్నందుకు మీటింగులో అందరి ముందూ నన్ను నానా మాటలూ అన్నారు. మార్చి 31లోగా మిగిలిన 3 లక్షలు నేను తేకపోతే రాజీనామా చేయాలని తీర్మానం కూడా రాశారు. కేంద్రం కోసం నా జేబులోంచి పెట్టిన 62,000 ఊసే లేదు. పరువు నష్టం దావా వేయవచ్చా? అబ్బాయి డబ్బు తీసుకోవడంలో తప్పుందా?

— ఒక కార్యదర్శి, రాయగడ

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. సగానికి పైగా అధ్యక్షుడు మిమ్మల్ని ఏమన్నారో, ఆ రాత్రి మీకు నిద్ర ఎలా పట్టలేదో రాశారు. అవన్నీ చదివాను. కానీ మీ కేసు తేలేది మూడో పేజీ చివర మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం మీద: "దీపావళి దగ్గర్లో అబ్బాయికి అక్కడి సిటిజన్‌షిప్ వచ్చిందని అధ్యక్షుడు గారు పిల్లలందరికీ స్వీట్లు పంచారు."

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం వేరే దేశపు పౌరుడు ఇచ్చేది విదేశీ విరాళం. అబ్బాయి రాయగడలోనే పుట్టి పెరిగాడని, తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతాడని మీరు అర పేజీ రాశారు. చట్టం పాస్‌పోర్టు చూస్తుంది. భారత పాస్‌పోర్టుతో అమెరికాలో ఉండి, గ్రీన్‌కార్డు మీద పని చేసుకుంటూ, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వానికి ప్రమాణం చేసిన రోజు నుంచి మన పౌరసత్వం పోతుంది, అతని రూపాయి విదేశీ రూపాయి అవుతుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది కదా అంటారేమో. అది వీసా లేకుండా వచ్చి పోవడానికి పనికొస్తుంది, విరాళం విషయంలో పనికిరాదు.

కాబట్టి నాకు కావలసినవి రెండే తేదీలు. అతని పౌరసత్వ ధ్రువపత్రం మీద ఉన్న తేదీ ఒకటి, 1,80,000 అధ్యక్షుడి ఖాతాలో జమ అయిన తేదీ ఇంకొకటి. దసరాకీ దీపావళికీ మధ్య ఉన్నది మూడు వారాలు. మీ అందరి భవిష్యత్తు ఆ మూడు వారాల్లో ఉంది. స్వీట్లు పంచిన రోజు లెక్కలోకి రాదు, ప్రమాణం అంతకు నెల ముందే అయ్యుండొచ్చు. పత్రం ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. దానితో పాటు అప్పటి భారత పాస్‌పోర్టు కాపీ, డబ్బు అతని సొంత ఖాతా నుంచే బయల్దేరినట్టు అక్కడి బ్యాంకు స్టేట్‌మెంటు, ఇక్కడి బ్యాంకు ఇచ్చిన రెమిటెన్స్ కాగితం తీసుకోండి. ఆ కాగితం మీద డబ్బు ఎందుకు పంపారనే చోట ఏం రాసి ఉందో చూడండి. "కుటుంబ పోషణ" అని ఉంటే, ఆ డబ్బు సొసైటీకి ఎలా వచ్చిందని రేపు అడిగినప్పుడు జవాబు మీ దగ్గర ఉండాలి. ఆఫీసులో స్నేహితుల దగ్గర కూడగట్టి పంపాడా, అతని కంపెనీ అంతకంత కలిపిందా అనేది కూడా అడగండి. అమెరికాలో చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా తామూ ఇస్తాయి. అలా కలిపిన భాగం, పంపిన అబ్బాయి పాస్‌పోర్టు ఏదైనా సరే, విదేశీ విరాళమే.

జమ ముందు, ప్రమాణం తర్వాత అయితే ఆ 1,80,000 వరకు ఈ చట్టంతో మీకు గొడవ లేదు. అబ్బాయి పేరు మీదే అసలు రసీదు ఇచ్చి, అధ్యక్షుడి ఖాతా ద్వారా ఎందుకు వచ్చిందో మినిట్స్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి. ప్రమాణం ముందు, జమ తర్వాత అయితే ఈ చట్టం కింద కేంద్ర హోం శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకున్నారు.

తండ్రి ఖాతాలో పడ్డాక అది తండ్రి డబ్బే కదా, బంధువుల నుంచి ఏడాదికి 10 లక్షల దాకా వస్తే ప్రభుత్వానికి చెప్పనక్కర్లేదు కదా అని మీ అధ్యక్షుడు అన్నారని రాశారు. ఆ మాట సగం నిజం, అందుకే ప్రమాదం. కొడుకు పంపిన డబ్బుతో తండ్రి ఇల్లు కట్టుకోవచ్చు. కానీ విదేశీయుడి నుంచి నేరుగా గానీ, ఒకరిద్దరి చేతులు మారి గానీ వచ్చిన సొమ్మును ఇంకొకరికి ఇస్తే అదీ విదేశీ విరాళమేనని చట్టంలో సెక్షన్ 2లోనే వివరణ రాసిపెట్టారు. చెంబులు మార్చినంత మాత్రాన బావి మారదు. ఆ డబ్బు మీద వచ్చే వడ్డీ కూడా అదే కోవలోకి వస్తుంది. ల్యాప్‌టాప్‌లు డబ్బు కాదు కదా అనుకోకండి, సంస్థకు ఇచ్చే వస్తువు కూడా విరాళమే.

బరంపురంలో ఇలాంటి రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఒకటి పది శాతం పట్టుకుని తమ ఖాతా ద్వారా ఇప్పిస్తామందని ఇంకో చోట రాశారు. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని వేరే సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషేధం. ఆ ఫోన్ మళ్లీ వస్తే ఎత్తకండి.

ఇక రసీదులు. మీరు పంపిన ఫొటో చూశాక నాకు కోపం వచ్చిన మాట నిజం. 41 నుంచి 51 దాకా పదకొండు రసీదులు, ఒకే పెన్ను, ఒకే చేతిరాత, అన్నీ 5,000. రెండింటి మీద ముందు ఒక పేరు రాసి కొట్టేసి పైన ఇంకో పేరు రాశారు. దాతల సంతకాల చోట మీ రాతే. చదువుకున్నవారు, పిల్లలకు పాఠం చెప్పేవారు, సంతకం పెట్టేటప్పుడు చేయి ఆగలేదా? ఇప్పటిదాకా ఉన్నది అనుమతి లేకుండా డబ్బు తీసుకున్న తప్పు, దానికి రాజీ మార్గం ఉంది. ఈ పదకొండు కాగితాలు బయటికి వెళ్తే అది నకిలీ పత్రాల కేసు, మొదటి ముద్దాయి అధ్యక్షుడు కాదు, మీరు. పన్నెండోది రాయకండి. రాసినవి చింపకండి కూడా, చింపితే దాచారంటారు. అసలు, కౌంటర్‌ఫాయిల్ రెండూ పుస్తకంలోనే ఉంచి, అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాసి, ఈ రోజు తేదీ వేసి సంతకం చేయండి. ఈ రోజు తేదీ అన్నాను, పాత తేదీ కాదు. ఆ పదకొండు మందిలో ఎవరికైనా రసీదు చేరి ఉంటే వెనక్కి తీసుకోండి.

మినిట్స్ పుస్తకం తెలుగులో ఉంది, సొసైటీల రిజిస్ట్రేషన్ చూసే ఏడీఎం ఆఫీసు కోసం ఒడియాలో కొత్తగా రాయించుకుందామా అని అడిగారు. వద్దు. సరిహద్దు ఊళ్ల సంఘాలు చేసే మామూలు పొరపాటు ఇది. పాత పుస్తకం ఉన్నది ఉన్నట్టు ఉంచి, అవసరమైన పేజీలకు అనువాదం జత చేయండి. కొత్త పుస్తకం పుట్టిందంటే పాతదాన్ని ఎవరూ నమ్మరు.

"మూడేళ్లు గడిస్తే ఎవరూ అడగరు" అని కోశాధికారి గారు ధైర్యం చెప్పారట. మూడేళ్ల కాలపరిమితి మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు. ఈ చట్టం సెక్షన్ 35 కింద శిక్ష ఐదేళ్ల దాకా, లేదా జరిమానా, లేదా రెండూ. అంత శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి లేదు. తీసుకున్నవాళ్లకే కాదు, తీసుకోవడానికి సాయపడ్డవాళ్లకీ అదే శిక్ష. కార్యదర్శిగా సొసైటీ ఖాతాలో మీ సంతకం ఉంది.

ప్రమాణం తర్వాతే డబ్బు వచ్చిందని తేలితే, మిగిలిన 70,000 ముట్టుకోకండి. ల్యాప్‌టాప్‌ల పార్సెల్ ఆపమనండి. తిరిగి పంపేస్తే చెల్లుకు చెల్లు అనుకోవద్దు, తప్పు జరిగింది తీసుకోవడంలో. ప్రాసిక్యూషన్ మొదలు కాకముందే సెక్షన్ 41 కింద, కోర్టు కేసు లేకుండా తేల్చుకునే రాజీ దరఖాస్తు కేంద్ర హోం శాఖకు పెట్టుకోవచ్చు. ఫీజు కట్టాలి. ఎవరో ఫిర్యాదు చేశాక పెట్టే దరఖాస్తుకీ, మీ అంతట మీరే వెళ్లి పెట్టే దరఖాస్తుకీ తేడా ఉంటుంది. కార్యవర్గం తీర్మానం చేయనంటే, రసీదులు రాయననీ, దరఖాస్తు పెట్టాలనీ ఏడుగురికీ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. రేపు మిమ్మల్ని కాపాడే కాగితం అదే.

అబ్బాయి మిగతా సొమ్ము సరైన దారిలో రావాలంటే? ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్ల వయసుతో పాటు గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో సొంత కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీ ఖర్చు మొత్తం కలిపినా 4 లక్షలు దాటలేదు. కనుక మీకున్నది ముందస్తు అనుమతి. దానికి ఫలానా పనికి ఇంత ఇస్తానని దాత రాసిన ఉత్తరం, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరు, పదవుల్లో ఉన్నవాళ్ల ఆధార్, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా కావాలి. ఖాతా కోసం ఢిల్లీ వెళ్లనక్కర్లేదు, మీ ఊరి స్టేట్ బ్యాంకు శాఖ కాగితాలు పంపుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. దాత ఒక్కడే అయితే కార్యవర్గంలో కనీసం 75 శాతం మంది అతని కుటుంబానికీ, దగ్గర బంధువులకూ బయటివాళ్లు అయ్యుండాలి. ఏడుగురిలో తల్లీ తండ్రీ పోతే మిగిలింది ఐదుగురు, అంటే 71 శాతం. కోశాధికారి గారు తప్పుకోవాలి, లేదా బయటివాళ్లు కనీసం ఒక్కరు చేరాలి. ఈ మాట మీరు చెబితే వినరు. నా జవాబు చూపించండి.

లక్ష్యం తీర్మానం గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఇంత సేకరించాలని రాసుకున్నది అప్పు పత్రం కాదు, 3 లక్షలు మీ నుంచి వసూలు చేయలేరు. మిమ్మల్ని తీసేయాలంటే బైలాస్‌లో ఉన్న పద్ధతిలో, నోటీసు ఇచ్చి తీసేయాలి. రాజీనామా మాత్రం కోపంలో రాసి ఇవ్వకండి. అయితే 12 లక్షల్లో 9 లక్షలు ఒకే ఇంటి నుంచి వస్తాయని రాసుకున్న లక్ష్యాన్ని ఏడుగురూ కలిసి ఎలా ఒప్పుకున్నారో నాకు అర్థం కాలేదు. కొత్త తీర్మానంలో ఏ సొమ్ము ఎక్కడి నుంచి, ఏ పనికి, ఎవరు అడుగుతారు అని విడివిడిగా రాయండి. చుట్టుపక్కల పేపరు మిల్లు, అల్యూమినా ఫ్యాక్టరీ ఉన్నాయి. కంపెనీలు సామాజిక సేవకు ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు కావాలంటే ఆదాయ పన్ను శాఖ దగ్గర 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) నమోదు, కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు, మూడేళ్ల పని అనుభవం ఉండాలి. అనుభవం ఉంది, కాగితాలు లేవు. అది ఎవరి తప్పు? సర్వసభ్య సమావేశం అయిన 14 రోజుల్లో కార్యవర్గం జాబితా ఇవ్వాలని 1860 చట్టం చెబుతోంది, మీరు రెండేళ్లుగా ఇవ్వలేదు. ఏ కంపెనీ అయినా ముందు అడిగేది ఆ కాగితమే.

మీరు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పెట్టిన విరాళాల డబ్బాలో పేర్లు లేకుండా వచ్చిన విరాళాలు ఒక పరిమితి దాటితే 30 శాతం పన్ను పడుతుంది. పేరు, ఊరు రాసుకోండి. 80జీ తెచ్చుకున్నాక కూడా నగదు 2,000 దాటితే ఇచ్చినవాళ్లకు 80జీ మినహాయింపు రాదు, ఫోన్‌పే చేయమనండి.

పరువు నష్టం దావాకు సివిల్ కోర్టులో గడువు ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. గడువు ఉంది, పస లేదు. కార్యవర్గ సమావేశంలో లెక్కలు అడుగుతూ అన్న మాటలు, విన్నది మీతో కలిపి ఆరుగురు, అందులో ఒకరు ఆయన భార్య. పైగా కోర్టులో వాళ్ల లాయరు మొదట చూపించేది మీ రసీదు పుస్తకం.

మీకు నిజంగా గడువు ముంచుకొస్తున్నది 62,000 మీద. అది ఇచ్చి రెండేళ్ల ఎనిమిది నెలలైంది, మూడేళ్లు దాటితే దావా ఉండదు. సొసైటీ తరఫున సంతకంతో "కార్యదర్శికి 62,000 బాకీ ఉన్నాం" అని గడువు లోపలే రాతలో ఒప్పుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అది మీరు మీకు మీరే రాసుకుంటే చెల్లదు, అధ్యక్షుడో కోశాధికారో సంతకం చేయాలి. చేయకపోతే లాయరు నోటీసు ఇవ్వండి. కానీ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, నాలుగు నెలల్లో దావా పడాలి. అప్పటి యూపీఐ స్టేట్‌మెంట్లు బ్యాంకు ముద్రతో ఈ వారమే తెచ్చుకోండి. షాపు బిల్లులు థర్మల్ కాగితం మీద ఉంటే ఈపాటికే అక్షరాలు వెలిసిపోతుంటాయి, ఫొటో తీసి ఉంచండి.