పాలు ఇప్పుడా, తర్వాతా?

ప్రశ్న: కాఫీ కప్పులో పోసుకుంటానో లేదో, ఫోన్ మోగుతుంది. పది నిమిషాలు మాట్లాడక తప్పదు. వచ్చాక వీలైనంత వేడిగా తాగాలంటే ఫ్రిజ్‌లోని పాలు ముందే కలిపి వెళ్లాలా, వచ్చాక కలుపుకోవాలా? ముందే కలిపితే అప్పుడే చల్లారిపోతుంది కదా అంటుంది మా అక్క.

జవాబు: మీ అక్కగారు ఏమీ అనుకోకపోతే, పాలు కలిపేసే వెళ్లండి.

పాలు పోయగానే వేడి తగ్గే మాట నిజమే. కానీ ఎప్పుడు పోసినా ఆ తగ్గుదల తప్పదు. ఆ పది నిమిషాల్లో కప్పులోంచి ఎంత వేడి పోతుందన్నదే చూడాలి. బ్లాక్ కాఫీ 200 గ్రాములు, 90 డిగ్రీల దగ్గర ఉందనుకోండి, గది 25. అందులో 5 డిగ్రీల పాలు 50 గ్రాములు పోస్తే మొత్తం 73కి దిగుతుంది. అంటే గదితో తేడా 65 నుంచి 48కి పడింది. తేడా ఎంత ఎక్కువుంటే వేడి అంత జోరుగా పోతుంది. న్యూటన్ 1701లో పేరు వేసుకోకుండా అచ్చు వేయించిన వ్యాసంలోని సంగతే ఇది. (పరీక్షలో మాత్రం పేరు రాయకపోతే నేను మార్కు కోసేవాణ్ణి.)

పాఠం సాధారణంగా అక్కడితో అయిపోతుంది. అదే నాకు నచ్చదు. న్యూటన్ చల్లార్చి చూసింది కాల్చిన ఇనుప ముద్దని, అది ఆవిరైపోదు. కాఫీ మాత్రం ఆవిరవుతుంది. మూతలేని కప్పు బాగా వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ వేడిని పట్టుకుపోయేది ఆవిరే. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,300 జౌల్స్ కావాలి, అదంతా మిగిలిన కాఫీ నుంచే రావాలి. మీ 200 గ్రాముల్లో ఒక్క గ్రాము ఎగిరిపోతే చాలు, దగ్గర దగ్గర 3 డిగ్రీలు గోవిందా! ఇక నీటి ఆవిరి పీడనం, అంటే నీరు ఆవిరిగా పైకి లేవాలని తోసే ఒత్తిడి, 90 డిగ్రీల దగ్గర ఎంతుంటుందో 73 దగ్గర అందులో సగమే ఉంటుంది. పాలు కలపడంలో అసలు లాభం ఇక్కడుంది. పైగా ఇప్పుడు కప్పులో ఉన్నది 250 గ్రాములు కాబట్టి అంతే వేడి పోయినా డిగ్రీలు తక్కువ పడతాయి.

నన్నడిగితే పాల గొడవ కన్నా మూత ముఖ్యం. కప్పు మీద సాసర్ బోర్లించండి. లోపలి గాలి ఆవిరితో నిండిపోయి, కొత్తగా ఆవిరి లేవడం బాగా తగ్గిపోతుంది. మనం ఊదినప్పుడు జరిగేది దీనికి సరిగ్గా తిరగేసి: మన ఊపిరి గది గాలికన్నా వెచ్చనిదే, అయినా కాఫీ చల్లారుతుంది. ఎందుకంటే పైనున్న ఆవిరి పొరను అది తోసేస్తుంది.

కప్పు మందపాటి పింగాణీదైతే ముందు అందులో వేణ్ణీళ్లు తిప్పి పారబోయండి. లేకపోతే కాఫీ పోసిన మొదటి నిమిషంలోనే కప్పు తన వాటా లాగేసుకుంటుంది.