బాయి దిగుతున్న అల్లుడికి

అల్లుడూ,

"యూనియన్లన్నీ ఒక్కటే మామా, జీతంలో చందా కోసుకోవుడు తప్ప చేసేదేం లేదు" అని మొన్న ఫోన్లో అన్నవు. నువ్వు చేరి ఏడాది కూడా కాలేదు. అది నీ మాట కాదు, క్యాంటీన్ల విన్న మాట. ముప్పై రెండేళ్లు సింగరేణి బొగ్గు బాయి దిగిన నేనూ అదే మాట అన్నవాణ్ణే. అందుకే రాస్తున్న.

మీ అత్త దవాఖానల పడ్డప్పుడు నాకు మస్టర్లు, అంటే హాజరు దినాలు, తగ్గి కంపెనీ నుంచి ఛార్జిషీటు వచ్చింది. గేట్ మీటింగుల్లో నేను దండలేసిన యూనియన్ నాయకుడి ఇంటికి మూడుసార్లు పోయిన. చూద్దామన్నడు. నాలుగోసారి ఖర్చులైతయన్నడు. తిరిగొస్తుంటే మా బాయిల యూనియన్ పని చూసే పిట్ సెక్రటరీ ఎదురైండు. ఫిట్టర్. షిఫ్ట్ దిగి మొఖం మీది బొగ్గు కూడా కడుక్కోలేదు. ల్యాంప్ రూం పక్కన బల్ల మీద కూసుండి, నా దవాఖాన చీటీలన్నీ తారీఖుల వరసన పేర్చి గుండుసూది గుచ్చిండు. తెల్లకాగితం మీద సంజాయిషీ రాసి, నాతోనే రెండుసార్లు చదివించిండు. "రేపు ఎంక్వైరీల మాట్లాడేది నువ్వే" అన్నడు. మర్నాడు పక్కన కూసున్నడు. కొలువు నిలబడ్డది. చాయ్ తాగమంటే కూడా ఆగలేదు.

ఆ ఇద్దరిదీ ఒకటే జెండా, అల్లుడూ. అందుకే జెండాను చూసి లెక్కగట్టకు. నీ బాయిల నీ కాగితం పట్టుకొని నడిచేటోడెవరో చూడు.

ఇంకో సంగతి. 2023ల బొగ్గు కార్మికుల జీతాల మీద 11వ వేజ్ బోర్డు ఒప్పందం కుదిరింది, 2021 జులై 1 నుంచి లెక్క. కోల్ ఇండియా, సింగరేణి పర్మినెంటు కార్మికులందరికీ వర్తించింది. అందరి ఖాతాల పడ్డది కాబట్టి యూనియన్ తెచ్చిందని ఎవ్వరికీ అనిపించదు. ఉండేతందుకు కంపెనీ క్వార్టర్ రాకపోతే మాత్రం యూనియన్ చెయ్యలేదంటం. నాకైతే ఈ లెక్క అన్యాయమనిపిస్తది.

ఎవరి దగ్గరికి పోవాల్నో కూడా తెలుసుకో. 2023 డిసెంబర్ 27 సింగరేణి ఓటింగుల ఏఐటీయూసీ యూనియన్ గెలిచి, కంపెనీ మొత్తానికి కార్మికుల తరఫున మాట్లాడే గుర్తింపు సంఘమైంది. ఏరియా పనులకు మాత్రం ఆ ఏరియాల గెలిచిన ప్రాతినిధ్య సంఘం ఉంటది. క్వార్టర్ గురించి కొత్తగూడెం హెడ్డాఫీసు దాకా ఉరకకు, ముందు నీ ఏరియాల అడుగు.

నోటిమాటతోని ఏ పనీ చెప్పకు. దరఖాస్తు రెండు కాపీలు రాయి, ఒకదాని మీద ముద్ర ఏయించుకో. ఏ తారీఖున రమ్మంటరో అడిగి దాని ఎనకనే రాసుకో. అట్ల అడిగెటోణ్ణి తిప్పించుకునుడు ఎవరికైనా కష్టమే. పనికి పనికొస్తరో లేదో తేల్చే మెడికల్ బోర్డుకైనా, వారసుల కొలువుకైనా పని చేసిపెడతనని పైసలడిగితే ఒక్క రూపాయి ఇయ్యకు. నీ హక్కును నీకే అమ్ముతున్నడని అర్థం. చందా కట్టినోడికి సంఘం లెక్కల పుస్తకం చూసే హక్కు 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం నుంచే ఉన్నది. మర్యాదగా అడుగు, కానీ అడుగు. నేను ఒక్కనాడూ అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉన్నది.

పిట్ మీటింగులకు పో. ఎనక నిలబడకు. రూఫ్ బాగలేదని, నీళ్లు కారుతున్నయని సేఫ్టీ కమిటీల చెప్పాల్సింది ఆడ దిగే నువ్వే. రిటైరైన మేం చెప్పలేం, ఆఫీసుల కూసునేటోళ్లకు కనబడదు.

వచ్చే ఆదివారం మూడు నెలల పే స్లిప్పులు తీసుకొని ఇంటికి రా. ఏ కోత దేనిదో ఇద్దరం కూసుండి చూద్దాం. మీ అత్త సర్వపిండి చేస్తనన్నది.

మీ మామ